సంతకాలు సరిపోలలేదు

ఫిబ్రవరి 3

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. ఒక్క కొట్టివేత లేకుండా అచ్చు గుద్దినట్టు రాశావు. నా నోటుబుక్కు నిండా కోడిగీతలు గీసినవాడివి నువ్వేనా అనిపించింది. ఆఫీసు నీళ్లు బాగానే ఒంటబట్టాయి.

అసలు సంగతికొస్తాను. మా వీధి చివర రాతిపిండి మిల్లు నీకు తెలుసు కదా, మీ బావ గ్రైండరు నడిపేది అక్కడే. మూడేళ్లలో ఆ షెడ్డులోంచి పదకొండు మంది పోయారు. అందరిదీ ఒకటే దగ్గు, ఒకటే ఆయాసం. మిల్లు డాక్టరు అందరికీ క్షయ అనే రాసిచ్చాడు. ప్రభుత్వాసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మాత్రం ఎక్స్‌రేలు కిటికీకి ఆనించి నాకు చూపించింది. "ఇది క్షయ కాదమ్మా, రాతి దుమ్ము. లోపల పేరుకుని గట్టిపడిపోయింది" అంది.

"మరి మిల్లువాళ్లని ఎవరూ అడగరా?" అన్నాను.

పని వల్ల వచ్చే జబ్బులకు చట్టంలో ఒక జాబితా ఉందట. అందులో ఈ దుమ్ము జబ్బు లేదట. జాబితాలో లేని జబ్బుకు తనిఖీ ఉండదు. దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టమని చెప్పే అధికారం ఎవరికీ ఉండదు. అంటే మనిషి ఎదురుగా చచ్చి పడున్నా, జాబితాలో లేకపోతే చావనట్టే లెక్క.

ఆ జాబితా మార్చాల్సింది పార్లమెంటే అని మా వీధిలో ఉండే మాస్టారు చెప్పారు. దేశంలో ఏ మనిషైనా పార్లమెంటుకు వినతి పెట్టుకోవచ్చని, పూర్వం కోట గుమ్మానికి కట్టిన గంట లాంటిదని అన్నారు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆ గంట పక్కన కుర్చీ వేసుకుని కూచున్నది నా తమ్ముడే కదా! కుట్టుమిషను మూతేసి, పది రోజులు గడపగడపా తిరిగాను. రెండు వందల పన్నెండు సంతకాలు వచ్చాయి. వినతి, సంతకాలు, ఎక్స్‌రేలు, డాక్టరమ్మ రాసిన చీటీలు అన్నీ పాత లంగా గుడ్డలో మూటకట్టి నీ పేరున పంపిస్తున్నాను. నువ్వే పార్లమెంటులో పెట్టు.

మీ బావకి పనెక్కువగా ఉంది, అందుకే విడిగా రాయలేదు.

వేళకి తిను. చలికి చెవులు కప్పుకో.

నీ అక్క

---

ఫిబ్రవరి 19

అక్కకు నమస్కారం.

మూట చేరింది. గేటు దగ్గర పోలీసు దాన్ని అనుమానంగా చూసి, లంగా గుడ్డ విప్పించి మరీ లోపలికి పంపాడు. సెక్షనులో అందరూ చుట్టూ మూగారు. నాకు కొంచెం సిగ్గేసింది. అలా సిగ్గుపడ్డందుకు మళ్లీ సిగ్గేసింది.

నా కొలువు గురించి నువ్వు చాలా పెద్దగా ఊహించుకుంటున్నావు. పార్లమెంటు భవనంలో మెట్ల కింద ఒక గది. మూడు రేకు బీరువాలు, నాలుగు బల్లలు, చప్పుడే తప్ప గాలిలేని ఒక ఫ్యాను. అదే వినతుల సెక్షన్. వచ్చిన కాగితం నిబంధనల ప్రకారం ఉందా లేదా చూడడం, నంబరు వెయ్యడం, టైపు కొట్టడం నా పని. సభలో పెట్టేది నేను కాదు. మీ ప్రాంతం సభ్యుడు చూసి, సంతకం చేసి పెట్టాలి.

బాధ పడకుండా చదువు. నీ వినతి వెనక్కి పంపించాల్సి వచ్చింది. భాష మర్యాదగా ఉండాలి. "మీకు కళ్లున్నాయా, ఉంటే అవి దేనికి?" అని రాశావు. అది తీసెయ్యాలి. వినతితో పాటు ఎక్స్‌రేలు, చీటీలు ఏవీ జతపరచకూడదు. చివర మీరు కోరేదేమిటో ఒక్క ప్రార్థనగా రాయాలి, ఆ ప్రార్థన సంతకాలున్న ప్రతి కాగితం పైనా మళ్లీ ఉండాలి. దేనికి సంతకం పెడుతున్నామో తెలిసే పెట్టారనడానికి అది రుజువు. వేలిముద్ర వేసినవాళ్లకు పక్కన సాక్షి ఉండాలి. నీ కాగితాల మీద ప్రార్థన లేదు కాబట్టి ఆ రెండు వందల పన్నెండు సంతకాలూ చెల్లవు. అవి ఆఫీసు దస్త్రంలో ఉండిపోతాయి. మిగతావన్నీ తిరిగి పంపుతున్నాను.

మా సెక్షన్ ఆఫీసరుకి ఇక్కడ కామాగారని పేరు. ఏ కాగితమిచ్చినా ఒక కామా తీసి ఇంకోచోట పెడతాడు. నీ వినతి చదివి మాత్రం కామా ముట్టుకోలేదు. "ఎవరయ్యా ఈవిడ?" అని అడిగాడు. ఎవరో తెలీదన్నాను. మా అక్క అంటే పక్షపాతం అనుకుంటారని.

ఒక మాట. బావ పేరు సంతకాల్లో ఉంది కానీ నాకు ఒక్క ముక్క రాయలేదు. ఆయనకు ఇదంతా ఇష్టం లేదా? మిల్లుతో గొడవ పడొద్దంటున్నారా? ఆయన కాదంటే బలవంతం చెయ్యకు.

నీ తమ్ముడు

---

జూన్ 27

తమ్ముడికి,

నాలుగు నెలలు ఉత్తరం రాయలేదని కోపమొచ్చి ఉంటుంది. నాకూ కోపమొచ్చింది, అందుకే రాయలేదు. నేనెవరో తెలీదన్నావట. పోనీలే, నీ కొలువు నీది.

మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాను. మర్యాదగా రాయమన్నావు కదా, మాస్టారి చేత రాయించాను. "తమరి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టారు. అది చదువుతుంటే మాకే మేము పరాయివాళ్లలా అనిపించాము. ప్రతి కాగితం పైనా ప్రార్థన రాశాను. నలభై కాగితాలు. ఒకే వాక్యం నలభైసార్లు రాస్తే చివరికి దానికి అర్థం ఉందో లేదో తెలియకుండా పోయింది.

ఈసారి జనం అంత తేలిగ్గా పెట్టలేదు. "మొన్న పెట్టాం కదమ్మా, అది ఏమైంది?" అన్నారు. చెల్లలేదన్నాను. "మా సంతకం మాదే కదా, ఎందుకు చెల్లదు?" అని ఒకాయన నిలదీశాడు. నీ ఉత్తరం చదివి వినిపించాను. పూర్తిగా వినకుండానే లేచిపోయాడు.

ఇక సభ్యుడి సంతకం. ఆయనింటి వరండాలో బల్ల మీద ఐదు రోజులు కూచున్నాను. నాతో పాటు బదిలీ కావాల్సినవాళ్లు, సీటు కావాల్సినవాళ్లు. ఐదో రోజు కారెక్కబోతూ నా చేతిలో కాగితాలు చూశాడు.

"ఏంటమ్మా?"

"మిల్లు దుమ్ము గురించండీ. పార్లమెంటుకి వినతి."

"మిల్లు మూసెయ్యమనా?"

"కాదండీ, దుమ్ము ఆపమని."

"అట్లా చెప్పు మరి," అంటూ కారు మీద పెట్టి సంతకం గీకాడు. చదవలేదు. చదివుంటే పెట్టేవాడు కాదేమో, అదీ మంచికే.

మీ బావ బాగానే ఉన్నాడు. ఇష్టం లేకపోవడమేమీ లేదు. లేనిపోనివి ఊహించుకోకు.

అక్క

---

జులై 20

అక్కకు,

ముందు శుభవార్త. నిన్న మీ వినతి సభలో పెట్టారు. నేను గ్యాలరీ మూల నిలబడి చూశాను. సభ్యుడు లేచి, "రాతిపిండి కార్మికుల జబ్బును చట్టం జాబితాలో చేర్చాలని కోరుతూ నూట ఎనభై ఏడు మంది సంతకాలతో" అని ఒక్క వాక్యం చదివాడు. చదువుతుండగానే సగం మంది భోజనానికి లేస్తున్నారు. ఆ కట్టను వినతుల సంచిలో వేశారు. నిమిషం కూడా పట్టలేదు. అయినా సరే, ఆ నిమిషంలో మన వీధి సంగతి ఆ గోడల మధ్య వినిపించింది. ఇక వినతుల కమిటీ పరిశీలిస్తుంది.

ఇప్పుడు అధికారికంగా అడగాల్సిన సంగతి. సంతకాలు సరిచూడడం నా పని. దస్త్రంలో ఉన్న పాత కాగితాలనూ కొత్తవాటినీ పక్కపక్కన పెట్టి చూశాను. పాతవాటిలో ఉన్న ఇరవై ఐదు పేర్లు కొత్తవాటిలో లేవు. ఆరు సంతకాలు సరిపోలలేదు. ఒకరిద్దరు అప్పుడు సంతకం పెట్టి ఇప్పుడు వేలిముద్ర వేశారు. కామాగారు ఎర్ర పెన్సిల్‌తో చుట్టి, "ఇవి దొంగవా?" అని పక్కన రాశాడు.

అక్కా, ఆ చుట్టినవాటిలో బావ పేరు ఉంది. బావ సంతకం నాకు తెలీదా? తోకను పైకి తిప్పి చుక్క పెట్టేవారు. ఇప్పుడక్కడ వేలిముద్ర. ఆయన ఒప్పుకోకపోతే ఇంకెవరి చేతో వేయించావా? నిజం చెప్పు. నేను నీ తమ్ముడిగా అడగడం లేదు, ఈ ఒక్క విషయంలో వినతి మొత్తం పోయే ప్రమాదముంది కాబట్టి అడుగుతున్నాను.

నీ తమ్ముడు

---

ఆగస్టు 2

తమ్ముడూ,

దొంగ వేలిముద్ర అన్నావు. సరే, ఒక్కొక్కటీ చెబుతాను, రాసుకో.

పేర్లు లేని ఇరవై ఐదు మందిలో తొమ్మిది మంది లేరు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా. జల్లెడ దగ్గర పనిచేసే మేస్త్రీ, మనింటికి వచ్చి నవ్వలేక దగ్గేవాడు చూడు, నవ్వులన్న, ఆయన. కవలల్లో పెద్దవాడు. చిన్నవాడు సంతకం పెట్టనన్నాడు, అన్న పేరు లేని కాగితం మీద తన పేరెందుకన్నాడు. బస్తాలు కుట్టే ముసలమ్మ. తొమ్మిది పేర్లూ విడిగా చీటీ మీద రాసి దీంతో పెట్టాను. ఏడుగురు ఊరు వదిలి పోయారు. తొమ్మిది మంది పెట్టలేదు, ఆ చిన్నవాడు తప్ప అందరిదీ భయమే. లెక్క సరిపోయిందా?

సరిపోలని ఆరు. వాళ్లు బతికే ఉన్నారు. చేతులు వణుకుతున్నాయి, అంతే. ఊపిరి కోసం పెనుగులాడేవాడికి అక్షరం కుదురుగా రాదు.

మీ బావ జనవరి నుంచీ పనికి పోవడం లేదు. గోడకు చుట్టిన పరుపు ఆనించి, దానికి వీపు ఆనించి కూచుంటాడు. పడుకుంటే ఊపిరాడదు. మొదటి కాగితం మీద సంతకం పెట్టే నాటికి ఇంకా చెయ్యి నిలిచేది. జూన్‌లో కలం పట్టుకున్నాడు, తోక పైకి తిప్పబోయాడు, కలం జారిపోయింది. మూడుసార్లు. నాలుగోసారి తనే బొటనవేలు చాపాడు. సాక్షి సంతకం డాక్టరమ్మది, చూసుకో.

నీకు చెప్పొద్దన్నది ఆయనే. "వాడు ఆ కుర్చీలో కూచుని మనకోసం అడుక్కున్నట్టు ఉండకూడదు. అందరి సంగతిగానే పోనీ" అన్నాడు. నువ్వేమో ఆయనకు ఇష్టం లేదనుకున్నావు.

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించలేదు. బాగున్నావని, మన వినతి సభలో ఒక నిమిషం వినిపించిందని మాత్రం చెప్పాను. "నిమిషం చాలు" అన్నాడు.

అక్క

---

ఆగస్టు 12

అక్కా,

ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. క్షమించమని అడిగే అర్హత కూడా లేదు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని, ఆ తొమ్మిది పేర్ల పక్కన నా చేత్తో "మరణించారు" అని రాశాను. గడి చిన్నది. ఆ మాట పట్టక రెండు ముక్కలు చేసి రాయాల్సొచ్చింది. కామాగారు చూశాడు. తన ఎర్ర గీతలు తనే రబ్బరుతో తుడిపేశాడు. ఆ మనిషి ఏదైనా తుడపడం నేను మొదటిసారి చూశాను.

కమిటీ మన వినతి తీసుకుంది. వాస్తవ నివేదిక కోరుతూ దస్త్రం మంత్రిత్వ శాఖకు వెళ్లింది. నివేదిక వస్తే, కమిటీ మిల్లువాళ్లనూ డాక్టరమ్మనూ పిలిచి విచారించవచ్చు. సభలు నడుస్తున్నాయి, సెలవివ్వరు. నివేదిక రాగానే మొదటి రైలుకి వస్తాను. బావకి చెప్పు, పని జరుగుతోందని. నిజంగా జరుగుతోంది.

నీ తమ్ముడు

---

అక్టోబరు 15

తమ్ముడూ,

నీ పని జరిగింది. ఎలా జరిగిందో విను.

పోయిన నెల మిల్లులో ఒక్కసారిగా సందడి మొదలైంది. గ్రైండర్ల మీద నీళ్ల గొట్టాలు బిగించారు. నేల కడిగారు. అందరికీ మూతికి గుడ్డలిచ్చారు, తెల్లగా, కొత్తగా. మేము ఆడవాళ్లం సంబరపడ్డాం. ఎవరికీ చెప్పకుండా నేను మిషను ముందు కూచుని ఏడ్చాను. మూడో రోజు తనిఖీ అధికారి వచ్చాడు, మిల్లు యజమాని కారులోనే. ఆఫీసు గదిలో గంటసేపు, షెడ్డులో పది నిమిషాలు. దుమ్ము హద్దులోనే ఉందని రాసుకుని వెళ్లాడు. ఆ సాయంత్రమే గొట్టాలు విప్పేశారు. మూతి గుడ్డలు లెక్కపెట్టి తిరిగి తీసుకున్నారు.

ఆ తర్వాత సోమవారం, షిఫ్టు మొదలయ్యే వేళ గేటు తెరవలేదు. గొడవ వినపడి నేనూ వెళ్లాను. వాచ్‌మన్ ఒక కాగితాల కట్ట పట్టుకుని నిలబడ్డాడు. పేర్లు చదివాడు. చదివినవాళ్లు ఇక రానక్కర్లేదన్నాడు. అరవై నాలుగు మంది. కవలల్లో చిన్నవాడు, సంతకం పెట్టనివాడు, లోపలికి వెళ్తుంటే అందరూ వాడివైపు చూశారు. వాడు నావైపు చూశాడు.

ఆ కట్ట ఏమిటనుకున్నావు? మన వినతే. నకలు. ప్రతి కాగితం పైనా నా చేతిరాతలో ప్రార్థన, నలభై కాగితాల మీదా.

ఇప్పుడు వీధిలో నాతో మాట్లాడేవాళ్లు లేరు. కుట్టడానికిచ్చిన బట్టలు కుట్టకుండానే వెనక్కి తీసుకుపోతున్నారు. కుళాయి దగ్గర నేను వెళ్తే బిందెలు పక్కకు జరుగుతున్నాయి. "మీ సంతకానికి ఏమీ కాదు, అది పార్లమెంటుకి పోతుంది" అని గడపగడపకీ చెప్పింది నేనే కదా.

నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి ఒక్కటి కనుక్కుని చెప్పు. పేర్లున్న ఆ కాగితాలు బయటికి పంపింది ఎవరు? నేనేమీ అనను. ఆ మనిషిని ఒక్క మాట అడగాలనుంది. పంపేటప్పుడు అవి ఎక్కడిదాకా పోతాయో ఒక్క క్షణమైనా అనుకున్నాడా అని.

అక్క

---

నవంబరు 2

అక్కకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆఫీసుకు వెళ్లలేదు.

నువ్వడిగినదానికి జవాబు చెప్పాలంటే పద్ధతి చెప్పాలి. కమిటీ నివేదిక కోరితే వినతి నకలు శాఖకు వెళ్తుంది. శాఖ నుంచి డైరెక్టరేటుకు, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి తనిఖీ అధికారికి. ఆయన సంబంధిత పక్షం సంజాయిషీ కోరుతాడు. సంబంధిత పక్షమంటే మిల్లు. ప్రతివాళ్లూ తమ పైకాగితం చూస్తారు, లోపలిది చూడరు. ఇందులో ఫలానా మనిషి చేశాడని చెప్పడం కష్టం. ఏ ఒక్కరిదీ కాదు.

జరిగినదంతా రాసి కమిటీ ముందు పెట్టాను. పేర్లు బయటపడడాన్ని కమిటీ తీవ్రంగా పరిగణించిందని నమోదయింది. వచ్చే సమావేశంలో చర్చిస్తారు. ధైర్యంగా ఉండు. బావ ఎలా ఉన్నారు?

నీ తమ్ముడు

---

డిసెంబరు 30

అక్కా,

రెండు నెలలైంది, నీ దగ్గర్నుంచి కబురు లేదు.

వచ్చే సమావేశం ఇక లేదు. సభ రద్దయింది. ఎన్నికలొస్తాయి. సభ రద్దయితే దాని ముందున్న వినతులన్నీ రద్దయినట్టే, అది నిబంధన. నిన్న బీరువాలు ఖాళీ చేశాం. నాలుగేళ్ల వినతులు గోనెసంచుల్లో కుక్కి గోడవారగా పేర్చాం. మనది ఏ సంచిలో పడిందో గుర్తుపెట్టుకుందామనుకున్నాను. సంచులన్నీ ఒకేలా ఉన్నాయి.

పోయిన ఉత్తరంలో నీకు అబద్ధం రాశాను. అబద్ధం కాదు, నిజాన్ని మెలికలు తిప్పాను. ఆ నకలు తీసింది నేను. పైకాగితం టైపు చేసింది నేను. "సంతకాలున్న పుటలతో సహా" అని కొట్టింది నా వేళ్లే. అడుగున ఎడమవైపు టైపిస్టు పొడి అక్షరాలు వేస్తాం, అవి నావి. ఆ రోజు చాలా ఉత్సాహంగా ఉన్నాను. ఒక్క పేజీ కూడా తగ్గకూడదని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. ఎక్కడిదాకా పోతాయో అనుకున్నాడా అని అడిగావు. అనుకోలేదక్కా. ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

వీధిలో చెప్పు. నా పేరే చెప్పు. నీ మీద పడిన మాట నా మీద పడనీ.

నీ తమ్ముడు

---

జనవరి 21

తమ్ముడూ,

మీ బావ డిసెంబరు తొమ్మిదిన పోయాడు. పొద్దున పది గంటలకి, పరుపుకు ఆనుకుని కూచునే. నేను కిటికీ తెరవడానికి లేచి, తిరిగి చూసేసరికి అయిపోయింది.

నీకు తంతి ఇవ్వలేదు. ఎందుకో చెబుతాను. టైపు చేసింది నువ్వని నాకు అక్టోబరులోనే తెలుసు. వాచ్‌మన్ పేర్లు చదివాక కట్టని గేటు దగ్గరే పడేశాడు. నేను ఏరుకొచ్చాను. పైకాగితం అడుగున రెండు అక్షరాలు. నేను పెట్టిన పేరు కదరా అది, నాకు తెలీదా? ఆ కాగితం చింపి పొయ్యిలో వేశాను. ఆ తర్వాతే నీకు ఉత్తరం రాశాను. నువ్వే చెబుతావేమో అని అడిగాను. నువ్వేమో డైరెక్టరేటు, జిల్లా అంటూ దారి చెప్పావు.

మీ బావకి చెప్పలేదు. వీధికీ చెప్పలేదు, చెప్పను. చెప్పుంటే ఆ రోజు ఆయన్ని మోయడానికి ఒక్కరు కూడా వచ్చేవాళ్లు కాదు. అసలే ముగ్గురే వచ్చారు. నాలుగో భుజం డాక్టరమ్మది. నువ్వు వచ్చుంటే నీ మొహం చూసి అందరికీ తెలిసిపోయేది. అబద్ధం నీకు ఉత్తరంలోనే వస్తుంది, మొహంలో రాదు.

నా కోపం తీరిందో లేదో నాకే తెలీదు. అది అలా ఉండనీ.

కొత్త సభ వస్తుంది కదా. దీంతో ఇంకో వినతి పంపుతున్నాను. మర్యాదగానే రాశాను, ఏమీ జతపరచలేదు. సంతకం మాత్రం ఒక్కటే, నాది. ఇంకెవరినీ అడగలేదు, అడిగే మొహం లేదు. ఒక్క సంతకం చెల్లుతుందా?

అక్క

---

ఏప్రిల్ 25

అక్కా,

బావ లేరన్న మాట మీదే ఆగిపోయి చాలా రోజులు ఉత్తరం రాయలేకపోయాను. నేను చేసింది దాచి, నువ్వు ఆ వీధిలో ఒంటరిగా నిలబడ్డావు. దాని గురించి ఏమన్నా మాటలు చాలవు.

ఒక్క సంతకం చెల్లుతుంది. నిబంధనల్లో ఎంతమంది ఉండాలని లేదు. కొత్త సభ కూర్చున్న వారానికే మీ కొత్త సభ్యుడి సంతకం పెట్టించి నీ వినతి నమోదు చేయించాను. నంబరు ఒకటి. కమిటీ ఏర్పడింది, నివేదిక కోరమంది. నకలు తియ్యమని కాగితం మళ్లీ నా బల్ల మీదికే వచ్చింది.

ఈసారి నేను మొదటిసారి చేసిన తప్పు చెయ్యలేదు. నీ పేరు, చిరునామా ఉన్నచోట తెల్ల కాగితపు ముక్క అంటించి నకలు తీశాను. "ఒక పౌరురాలు" అని టైపు చేశాను. కామాగారు చూసి, "ఇది నిబంధన కాదు" అన్నాడు. తెలుసన్నాను. ఆయన ఒక కామా జరిపి సంతకం పెట్టాడు.

మొన్న శాఖ నుంచి తిరిగొచ్చింది. "వినతిదారు పేరు, చిరునామా లేనందున పరిశీలనార్హం కాదు." దాంతో కమిటీ ముగించేసింది. ముగించినదాన్ని ఈ సభ ఉన్నంతకాలం మళ్లీ తెరవరు. పోనీలే అక్కా. నీ పేరు ఆ గేటు దాకా పోలేదు, నాకదే చాలు. అక్కడ నీకింకా ఎవరున్నారు? వచ్చి నా దగ్గర ఉండు. గది చిన్నదే, కానీ కిటికీ పెద్దది. మిషను పెట్టుకోవచ్చు.

నీ తమ్ముడు

---

మే 10

తమ్ముడూ,

నా పేరు పోవాలనే కదరా నేను రాసింది!

జనవరిలోనే నీకు చెప్పాల్సింది. మీ బావ పోయాక డాక్టరమ్మ నాకూ ఎక్స్‌రే తీసింది. ఆయన బొమ్మలో చూసిన తెల్ల చుక్కలే, కొంచెం చిన్నవి. నేను మిల్లులో ఒక్క రోజు పని చెయ్యలేదు. పందొమ్మిదేళ్లు ఆయన చొక్కాలు దులిపి ఉతికాను, అంతే. దులిపితే లేచేది చూడు, ఆ పొగ.

డాక్టరమ్మ అంది, "పనివాళ్లకే లేని జబ్బు మీకెక్కడిదని నవ్వుతారు. కానీ కమిటీ మిమ్మల్ని పేరు పెట్టి సాక్షిగా పిలిస్తే, ఈ ఎక్స్‌రే వాళ్ల బల్ల మీద పెట్టొచ్చు" అని. జతపరచడానికి వీల్లేదన్నావు కదా, అందుకే మనిషినే జతపరుద్దామనుకున్నాను. అందుకే ఒక్క సంతకం. అందుకే పెద్ద అక్షరాలతో ఊరు, వీధి, ఇంటి నంబరు. నా ఒక్కదాని పేరైతే ఇంకెవరికీ నష్టం రాదు, తీసుకోవడానికి నా దగ్గరా ఇంకేమీ మిగల్లేదు. దాని మీద కాగితపు ముక్క అంటించావు.

మొదటిసారి నిబంధన తప్పకుండా చేశావు, అలా అయింది. రెండోసారి నా మీద ప్రేమతో నిబంధన తప్పావు, ఇలా అయింది. నిన్నేమనాలో నాకు తెలియడం లేదు. నాకు చెప్పకుండా చేశావు అని మాత్రం అనగలను. కానీ నేనూ నీకు చెప్పకుండానే చేశాను.

నీ దగ్గరికి రాను. ఇప్పుడు కదిలితే ఆయాసం. అదీగాక ఇక్కడ పనుంది. నా బొమ్మ సంగతి ఎలాగో బయటికి పొక్కింది. మంగళవారం మంగళవారం ఆసుపత్రి దగ్గర వీధి ఆడవాళ్లు వరసలో నిలబడుతున్నారు, ఎక్స్‌రే కోసం. నిన్న ముప్పై ఒక్క మంది. నాతో మాట్లాడనివాళ్లే. ఎవరూ ఎవరితోనూ మాట్లాడడం లేదు. సంతకాలు పెట్టమని నేను అడగలేదు, పెడతామని వాళ్లూ అనలేదు.

నిన్న నా వెనక నిలబడింది నవ్వులన్న భార్య. తన బొమ్మ చేతికిచ్చాక కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురుకి పట్టి, తనే చూసుకుంది. ఏడు నెలల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"వదినా, ఇది ఎవరికి చెప్పుకోవాలి?" అంది.

నీకు తెలిస్తే రాయి.

అక్క